జీవమ్మ టీచరు నీళ్ల సీసా

ఆళ్లగడ్డలో ఇల్లు, నంద్యాలలో బడి. ఇరవై ఆరేళ్లుగా జీవమ్మ టీచరుకు ఒకటే నియమం: బస్సు ప్రయాణం ఉంటే చుక్క నీళ్లు ముట్టకూడదు. సంచిలో సీసా ఉంటుంది, దాని మూత మాత్రం ఇల్లు చేరాకే తిరుగుతుంది. దారిలో మగవాళ్లకు ప్రతి తుమ్మచెట్టూ మరుగుదొడ్డే, ఆడవాళ్లకు ప్రార్థనే దిక్కు. కిడ్నీలో రాయి పడి డాక్టరు తిట్టినా ఆమె మారలేదు. మొన్న ఢిల్లీకి పోయే విమానంలోనూ అలాగే పెదవులు బిగించి కూర్చుంటే, నర్సుగా పనిచేసే కూతురు షాలిని గ్లాసు చేతిలో పెట్టింది. “గంటకో గ్లాసు తాగల్లమ్మా. ఈడ గాలికి ఒళ్లు ఎండిపోతాది.” “తాగితే యాడ ఆపుతాడే?” షాలిని వెనక్కి వేలు చూపింది. జీవమ్మ వెళ్లి, తలుపు తీసి చూసి, గడియ పెట్టి చూసి వచ్చింది. ఆ తర్వాత రెండు గంటల్లో ఏడు గ్లాసులు తాగి నాలుగుసార్లు లేచింది, అందులో ఒకసారి ఊరికే.

సోమవారం నంద్యాల బస్సులో, అందరూ చూస్తుండగా సీసా ఖాళీ చేసి, సిరివెళ్ల దాటాక డ్రైవరు దగ్గరికి నడిచింది. “పెట్రోలు బంకు కాడ ఆపప్పా, బాత్రూముకు పోవల్ల.” “మధ్యలో ఆపేకి కాదు టీచరమ్మా.” “ఆకాశంలో పోయేదాంట్లోనే బాత్రూం ఉండాది. నేలమీద పోతాండావ్, ఆపేకి నీకేం రోగం?” బస్సు ఆగింది. ఆమె వెనకే బస్సులోని ఆడవాళ్లందరూ దిగారు.