నాలుగో వరసలో గిరిబాబు

నరసన్నపేటలో గోడలకు రంగులు వేసే గిరిబాబుకు నలభై దాటాయి. పెళ్ళికన్నా ముందే అభిమాన సంఘంలో చేరాడు. హీరో సినిమా వచ్చిందంటే ఆ వారం పనిలోకి వెళ్ళడు, ఇంట్లో తిట్లు తినడం మామూలే. హాలు ముందు నలభై అడుగుల వెదురు పరంజా కట్టి, దాని కొసదాకా పాక్కుంటూ పోయి హీరో బొమ్మకు దండ వేసేది అతనే. ఆ ఎత్తు చూస్తేనే మిగతావాళ్ళకు కళ్ళు తిరుగుతాయి మరి.

అంత చేసినా ఫ్లెక్సీ మీద అతని ఫోటో ఎన్నడూ లేదు. చందా ఇచ్చినవాడి ఫోటో, ఎగ్గొట్టినవాడి ఫోటో, ఒకసారైతే ఎవరిదో చంటిపిల్ల ఫోటో కూడా వేశారు. గిరిబాబుది ఎస్సీ కాలనీ. ఆ మాట ఎవరూ పైకి అనలేదు, అతనూ అడగలేదు. అడగాలని మాత్రం ప్రతిసారీ ఉండేది.

ఈసారి ఫ్లెక్సీలు కొట్టే వినోద్‌కు అభిమానుల ఫోటోలు పెట్టే గుండ్రాల్లో ఒకటి ఖాళీగా మిగిలిపోయింది. సంఘం వాట్సాప్ గ్రూపులో చేతికి దొరికిన ఫోటో అందులో పెట్టేశాడు. అది గిరిబాబుది. నాలుగో వరసలో, కిరాణా హోల్‌సేల్ కొట్టు నారాయణమూర్తి పక్కన. పరంజా మీద ఫ్లెక్సీ కడుతూ తన మొహం తనే చూసుకుని, గిరిబాబు కాసేపు తాడు ముడి వేయడం మరిచిపోయాడు. దిగగానే కూతురు శ్రావణికి ఫోన్ చేసి, సాయంత్రం అమ్మను తీసుకుని రమ్మన్నాడు.

మధ్యాహ్నం ఆ ఫోటో నారాయణమూర్తి కంట పడింది. ఆయన అరవలేదు. తన ఫోటో అయినా తీసెయ్యండి, వాడిదయినా తీసెయ్యండి అని వెళ్ళిపోయాడు. సంఘం అధ్యక్షుడు తిరుమలరావు తెల్ల కాగితం, జిగురు డబ్బా పట్టుకొచ్చాడు.

"ఒరే గిరీ, ఏటీ అనుకోకురా. నీ బొమ్మ మీద ఇది అంటించేసి వచ్చీ. ఆ పెద్దాయన ఒప్పుకోడం లేదు."

"ఎందుకంట బాబూ?"

సంఘంలో చేరిన ఇరవై రెండేళ్ళకు అడిగాడు. తిరుమలరావు డబ్బా మూత తిప్పుతూ నిలబడ్డాడు.

"సెప్పలేవు కదా. అయితే నానెక్కను. నువ్వే ఎక్కి అంటించుకో."

తిరుమలరావు ఎక్కాడు కూడా. పదడుగుల దగ్గర పరంజా కాస్త ఊగేసరికి వెదురును కరుచుకుపోయాడు. దించడానికి ఇద్దరు కావలసి వచ్చారు. ఇంకెవరూ ముందుకు రాలేదు.

సాయంత్రం తల్లీకూతుళ్ళు వచ్చారు. హాల్లో ఈలలు మోగుతున్నాయి. జేబులో టికెట్ ఉన్నా గిరిబాబు లోపలికి వెళ్ళలేదు.

"నాన్నా, సినిమా మొదలైపోనాది" అంది శ్రావణి.

"హీరో మొకం ఇరవై రెండేళ్ళుగా సూస్తన్నాను. ఈరోజు నాది సూడండి" అన్నాడు గిరిబాబు, మెడ వెనక్కి వంచి.