అనాథ ప్యాకేజీలను తీసేసిన ఆదివారం

ఇచ్చోడ మొత్తంలో నన్ను కంప్యూటర్ పండితుడని నమ్మిన మనిషి ఒక్కడే ఉన్న రోజులవి. ఆ ఒక్కడూ నేనే. డిగ్రీ అయింది, ఉద్యోగం రాలేదు. ఆ బాధ తెలియకుండా ఉండటానికి ఒక పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ తీసేసి లినక్స్ వేసుకున్నాను. అందులోనూ రోలింగ్ రకం. అంటే ఏడాదికోసారి కొత్త వెర్షన్ రావడమంటూ ఉండదు, రోజూ ఏదో ఒక ప్యాకేజీ, అంటే లోపలి ప్రోగ్రాముల్లో ఒకటి, మారుతూనే ఉంటుంది, మనం అప్‌గ్రేడ్ కొడుతూనే ఉండాలి. (పళ్ళు తోముకోకముందే కొట్టేవాణ్ణి. పళ్ళ సంగతి మా అవ్వ గుర్తుచేసేది. మా వైపు అమ్మను అవ్వ అంటాం.) ఒకరోజు సౌండ్ పోయేది, ఇంకోరోజు డెస్క్‌టాప్ కింది పట్టీ మాయమయ్యేది. వాటిని బాగుచేస్తూ సాయంత్రం దాకా గడిపి, ఊరంతటికీ వెట్టి చేసినట్టు అలసిపోయేవాణ్ణి. విండోస్ వాడేవాళ్ళను చూస్తే నాకు నిజంగానే జాలి వేసేది.

నా పాండిత్యాన్ని భరించింది మా చర్చి ఒక్కటే. నా ల్యాప్‌టాప్‌కు ప్రొజెక్టర్ తగిలించి పాటలను గోడ మీద వేస్తే ముసలివాళ్ళకు పెద్ద అక్షరాలు కనిపిస్తాయని మా పాస్టర్ అయ్యగారిని ఒప్పించాను. అంతటితో ఊరుకోక, ఇక పాటల పుస్తకాలు ఎందుకని వాటన్నిటినీ కట్టలు కట్టించి, జైనూర్ వైపు గుట్టల్లో కొత్తగా మొదలైన సంఘానికి పంపించేశాను. ఆ రోజు నా దాతృత్వానికి అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంతలో పెద్దయ్యగారు వస్తున్నారని కబురొచ్చింది. చుట్టుపక్కల పాస్టర్లందరికీ ఆయనే పైవారు. మిషన్ బడిలో కంప్యూటర్ సారు పోస్టు ఖాళీగా ఉంది, ఆయన ఊఁ అంటే నాదే. జిన్నింగు మిల్లులో పత్తి దుమ్ము పీల్చి పీల్చి దగ్గే మా బాపు, ఆ ఆదివారం పొద్దున నా చొక్కా తానే ఇస్త్రీ చేశాడు. "గీ ఒక్క పూట జర సక్కగ ఉండు బిడ్డా. గా డబ్బాను ముట్టకు, మంచిగనే ఉన్నది గదా" అన్నాడు. మంచిగా ఉన్నదాన్ని ముట్టకుండా ఉండటం నా జాతకంలో లేదు. పెద్దయ్యగారి ముందు పాత ప్యాకేజీలతో నిలబడటానికి నాకు నామోషీ అనిపించింది.

అప్‌గ్రేడ్ కొట్టాను. బ్రహ్మాండంగా అయింది. ఆ ఊపులో, ఇప్పుడు ఎవరికీ అవసరం లేని అనాథ ప్యాకేజీలు కొన్ని ఉన్నాయి, తీసేయమంటావా అని ల్యాప్‌టాప్ అడిగింది. ఆ జాబితా చదివితే పండితుడికి చిన్నతనం కాబట్టి చదవకుండానే తీసేయమన్నాను. పనిలో పనిగా, దాచి ఉంచిన పాత ప్యాకేజీలను కూడా ఊడ్చేశాను. ఇల్లు అలికినంత తృప్తిగా చర్చికి పోయాను.

గంట కొట్టారు, అందరూ లేచి నిలబడ్డారు. నేను ఠీవిగా మొదటి పాట వేశాను. గోడ నిండా డబ్బాలు. వరుసగా, పొందికగా, ఒక్క తెలుగు అక్షరం లేకుండా ఖాళీ డబ్బాలు. ఆ అనాథల్లో తెలుగు అక్షరాలను చూపించే ఫాంటు కూడా ఉందని అప్పుడు అర్థమైంది. దాచినవి ఎలాగూ ఊడ్చేశాను, నెట్‌లోంచి మళ్ళీ దించుకుందామంటే ఫోన్లో డేటా అంతా పొద్దుటి అప్‌గ్రేడే మింగేసింది. ముందు వరుసలో ఒక ముసలమ్మ కళ్ళద్దాలు తుడుచుకుని చూసి, "గా గళ్ళేంది బిడ్డా, కొత్త రాగమా?" అంది. బాపు వైపు చూడలేకపోయాను.

చివరికి మా అవ్వే గొంతెత్తింది. ముసలివాళ్ళంతా అందుకున్నారు. చరణాలన్నీ వాళ్ళకు నోటికే వచ్చు. (ఏడాదిగా నా గోడవైపు కేవలం మర్యాదకు చూస్తున్నారన్నమాట.) ఆరాధన అయ్యాక పెద్దయ్యగారు నన్ను పిలిచి భుజం తట్టారు. "మాటలు దాచి, డబ్బాలు చూపి, గుండెలకెల్లి పాడించినవ్. మస్తు ఆలోచన!" అన్నారు. అవునండి అంటే ఉద్యోగం నాది. నోరు తెరిచేలోగా అవ్వ అందుకుంది. "ఆలోచన గాదు అయ్యగారు, పొద్దుగాల ఏందో పీకిండు. గప్పటిసంది గట్లనే ఉన్నది."

ఆయన విరగబడి నవ్వారు. కోపం రాలేదు, అదే నా దురదృష్టం. "పోనీ, బడిల కంప్యూటర్లు నీకప్పజెప్తే గిట్ల కెలకకుండ ఉంటవా?" అని అడిగారు. బాపు వెనకనుంచి నా చొక్కా గుంజాడు. ఒక్క మాట, 'ఉంటానండి' అంటే చాలు. నేను మాత్రం గొంతు సవరించుకుని, ముట్టని కంప్యూటర్‌కు ఎన్ని ప్రమాదాలో, రోజూ మారడం ఎంత మంచిదో, పావుగంట ఉపన్యసించాను. పెద్దయ్యగారి కోసం వండిన అన్నం చల్లారింది. పెద్దయ్యగారు ఓపికగా అంతా విని, చేతులు కడుక్కోవడానికి లేచారు. ఆ పోస్టు, స్విచ్చు వేయడం, తీయడం మాత్రమే తెలిసిన ఒక బుద్ధిమంతుడికి వెళ్ళింది. ఇంటికి పోతుంటే బాపు తిట్టలేదు. "గంతసేపు తడబడకుండ మాట్లాడినవ్ రా" అన్నాడు, అంతే.

ఇప్పుడు ఆదిలాబాద్‌లో ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటాను. ఉద్యోగంలో చేరేటప్పుడు ఇక్కడి పెద్దసారు కూడా అదే అడిగాడు, ఉన్నవాటిని ఉన్నట్టు ఉంచుతావా అని. "ఉంచుతాను సార్" అన్నాను. అర క్షణం కూడా పట్టలేదు. మర్నాడు బాపుకు ఫోన్ చేసి, ఏం చెప్పి గెలిచానో చెప్పాను. ఆయన, "గంతేనా, గప్పటి లెక్క ఇంకేం మాట్లాడలేదా?" అన్నాడు.