కాలు తొక్కితే లేచి వచ్చేయాలి

మా ఇంట్లో బేరం ఆడేది నేను, గెలిచేది మా ఆవిడ. ఈ సంగతి వన్‌టౌన్‌లో మా వీధి మొత్తానికి తెలుసు, నాకే ఆలస్యంగా తెలిసింది. పడవల తాళ్ళు, గొలుసులు, టార్పాలిన్లు అమ్మే కొట్టులో పుట్టి పెరిగినవాణ్ణి. మాటలకంటే ముందు నాకు బేరం వచ్చిందని మా నాన్న అందరికీ చెప్పుకునేవాడు. ఆ గర్వంతో కొబ్బరికాయ దగ్గర్నుంచి పట్టుచీర దాకా నేనే ముందుండి మాట్లాడేవాణ్ణి. ఆవిడ పక్కన కూర్చుని, తనకేమీ అక్కర్లేనట్టు సీలింగు ఫ్యాను కేసి చూసేది. కానీ ఆవిడ కాలు మాత్రం నా ఎడమకాలి పక్కనే ఉండేది. రేటు దిగాల్సిన చోటికి దిగకపోతే తొక్కేది. తొక్కిందంటే నేను మాట మధ్యలో ఉన్నా సరే, లేచి బయటికి నడవాలి. అదీ మా ఒప్పందం. మెట్లు దిగుతుంటే వెనకాల ఆవిడ చెప్పుల చప్పుడు వినిపించేది. దాని వెనకాల కొట్టువాడి పిలుపు: "రండమ్మా, కోపాలెందుకు, రండి!"

పిలిచినవాడు అమ్మేవాడు, పిలిపించుకున్నవాడు కొనేవాడు. నాకు తెలిసిన వ్యాపార శాస్త్రం ఇంతే.

మధురవాడలో ఫ్లాటు కూడా అలా కొన్నదే. బిల్డరు లిఫ్టు దాకా వచ్చి పిలిచాడు. కొన్న తర్వాత ఆవిడకొక జబ్బు పట్టుకుంది. ఎక్కడికి వెళ్ళినా అక్కడి ఇళ్ళ రేట్లు అడిగేది. తిరుపతి క్యూలో ముందున్న కోయంబత్తూరు ఆవిడకి తెలుగు రాదు, మా ఆవిడకి అరవం రాదు. అయినా గుడి గంట వినపడే లోపల కోయంబత్తూరులో గజం ఎంతో రాబట్టింది. ముంబైలో చుట్టాలింటికి వెళితే వాళ్ళ స్నానాల గదిలోకి తొంగి చూసి, నా చెవిలో, "మన ఫ్లాటు మొత్తం అమ్మినా ఇక్కడ ఈ గదే వత్తది, అదీ బకెట్టు లేకుండా," అంది. హైదరాబాదు రేటు విన్న రోజు అన్నం సగంలో వదిలేసింది. తన పుట్టిల్లు సోంపేట వైపు. అటు వెళ్ళినప్పుడు మాత్రం మొహం వెలిగిపోయేది. "సూసారేటి, ఇక్కడ మన హాలు రేటుకి పెరడున్న ఇల్లు, నుయ్యి, వీధరుగు. మిగతా గదుల డబ్బులు వడ్డీకి తిప్పుకుందుం!"

ఆ ఇల్లు నిజంగానే ఒకటి చూసి పెట్టింది. మధురవాడది అమ్మి అక్కడికి పోదామని మా ఇద్దరి నిర్ణయం. ఒకే దేశంలో ఒక చోట మట్టి బంగారం, ఇంకో చోట బంగారం మట్టి. ఆ రెండింటి మధ్య తేడాలోనే మా ముసలితనం దాచుకుందామనుకున్నాం.

ఒక మధ్యాహ్నం ఆవిడ కునుకు తీసి, మళ్ళీ లేవలేదు.

ధనిష్ఠా నక్షత్రమన్నారు పంతులుగారు. ఆ నక్షత్రంలో మనిషి పోతే ఇల్లు ఆరు నెలలు మూసేయాలి. నేను ఫ్లాటుకి తాళం వేసి, వన్‌టౌన్ కొట్టు వెనక గదిలో తాళ్ళ చుట్టల మధ్య పడుకున్నాను. గడువు తీరాక తలుపు తీస్తే, జాడీలో ఉప్పు నీరయిపోయింది. చింతపండు మీద తెల్లగా బూజు. గోడ గడియారం మాత్రం తిరుగుతూనే ఉంది, మూసిన ఇంట్లో ఇన్నాళ్ళూ ఎవరికి టైము చెప్పిందో.

ఎదురింటావిడ గుమ్మంలోకి వచ్చి గొంతు తగ్గించింది. "మధ్యానాలు మీ ఇంట్లో కుక్కరు కూత వినపడేదండీ. మీరొచ్చారేమో అనుకునేవాళ్ళం."

"ఎన్ని కూతలు?" అని అడిగాను.

ఆవిడ నన్ను వింతగా చూసింది. లెక్కపెట్టలేదట. మా ఆవిడైతే పప్పుకి మూడు కూతలకే దించేస్తుంది. నేను అడిగింది అందుకు.

ఫ్లాటు అమ్మకానికి పెట్టాను. నేనొక్కడినే అయినా సోంపేటకే పోదామని. ఈ ఫ్లాటులో ఒక్క పూట కూడా ఉండలేకపోతున్నాను మరి. సోంపేట ఇంటాయన నాకోసం ఆగుతానన్నాడు. బ్రోకరు మధురవాడ వాడే, మా అపార్టుమెంటు లేచిన చోట వాళ్ళ తాతగారి జీడితోట ఉండేదట. మొదటిరోజే తల గోక్కున్నాడు. "గురూగారూ, ఒక్క మాట. ధనిష్ఠ అని మాత్రం ఎవరికీ సెప్పకండి."

"అడిగితే?"

"అడిగితే సెప్పాలనుకోండి. కానీ దానికీ ఓ రేటుందండి. భీమారం వైపోల్లు మూడో వంతు కోసేత్తారు. ఇజీనారమోల్లు శాంతి ఖర్చులూ, పైన ఇంకొంచెం. బరంపురమోల్లు దీన్ని పట్టించుకోరు గానీ ఇంకేదో పట్టుకుంటారు. హైదరాబాదోల్లకి ఈశాన్యం వాస్తు తప్ప సావు అక్కర్లేదు."

ఇన్నేళ్ళూ దేశం నిండా ఇళ్ళ రేట్లు ఊరికో రకంగా ఉంటాయని ఆశ్చర్యపడిన మనిషి, తను పోయాక తన చావుకి కూడా ఊరికో రేటు కట్టించుకుంది. వింటే ఆవిడే ముందు నవ్వేది. నాకు మాత్రం అరికాళ్ళు చల్లబడ్డాయి. ఆ రోజే బ్రోకరుకి చెప్పేశాను. గోడలకి తగ్గిస్తాను, గ్రిల్లుకి తగ్గిస్తాను, పార్కింగుకి తగ్గిస్తాను. ఆవిడకి మాత్రం పైసా తగ్గించను. అలా అయితేనే అమ్ముతాను, లేకపోతే సోంపేట లేదు, ఏమీ లేదు.

"బాగుంది బేరం," అన్నాడు బ్రోకరు ఆకాశంలోకి చూస్తూ.

వచ్చినవాళ్ళని భోజనాల బల్ల దగ్గరే కూర్చోబెట్టేవాణ్ణి. భీమవరం నుంచి చేపల చెరువులాయన ఒకరు వచ్చి, నేనిచ్చిన కాఫీ తాగి, ఎంతో మర్యాదగా, "అమ్మగారు ధనిష్ఠలో వెళ్ళారంట కదండీ. మరి మీరే చూసి తగ్గించాలండి," అన్నారు.

"ఎంత తగ్గించమంటారు?"

"ఆయ్, మూడో వంతండి."

బ్రోకరు లెక్క సరిగ్గా సరిపోయింది. ఆయన మాట్లాడుతున్నంతసేపూ నా ఎడమకాలు బల్ల కింద ఎదురుచూసింది. ఇప్పుడు తొక్కుతుంది, ఇప్పుడు తొక్కుతుంది అనుకున్నాను. తొక్కకపోతే లేవడం నాకు చేతకాదు. ఆయన వెళ్ళిపోయాక కూడా అలాగే కూర్చుని ఉన్నాను. ఏ వైపు నుంచి ఎవరు వచ్చినా ఇంతే. చెవులు వాళ్ళకి, కాలు ఆవిడకి. పగటిపూట, ఫ్యాను కింద, కాఫీ గ్లాసుల ముందు నా బల్ల కింద ఒక చోటు మాత్రం ఖాళీగా, చల్లగా ఉండేది. దాన్ని నేను కాలితో తడిమేవాణ్ణి. కుర్చీకోడు తగిలేది.

ఆఖరికి వచ్చినవాళ్ళు వన్‌టౌన్ వాళ్ళే. ఫిషింగ్ హార్బర్ దగ్గర బోటు ఇంజన్ల సామాన్లు అమ్మే ముసల్మాను వర్తకుడు, ఆయన భార్య. మా కొట్లో తాడు కొన్న మనిషే. తమ్ముళ్ళతో ఇల్లు పంచుకున్నాక సందులో ఆయన వాటాకి గది, గదిన్నర మిగిలాయట. బ్రోకరు చెప్పకముందే నేనే చెప్పేశాను, నక్షత్రంతో సహా.

"మాకా లెక్కల్లేవన్నా," అన్నాడాయన. "పోయినోల్లు అల్లా దగ్గరుంటారు. గ్రిల్లు మాత్రం మీ దగ్గరే ఉంది, సూడండి తుప్పు!" గోరుతో గీకి చూపించాడు. లిఫ్టు ముక్కుతోందన్నాడు. పార్కింగు దగ్గర స్తంభం అడ్డమన్నాడు. ఒక్కొక్క దానికీ కొంత కోశాడు.

ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఎన్నో నెలల తర్వాత నేను నిజంగా బేరమాడుతున్నాను. "తుప్పుకి తగ్గిస్తే మీ కొట్లో ఇంజన్ సామాన్లన్నీ ఫ్రీగా ఇవ్వాలి కదా బాబూ!" అన్నాను. ఆయన బల్ల చరిచి నవ్వాడు. ఆయన భార్య మా మాటలు పట్టనట్టు వంటింటి కిటికీ కేసి చూస్తోంది. దిగాడు, ఎక్కాను. ఎక్కాడు, దిగాను. ఇంక కొంచెమే తేడా. నేను నోరు తెరిచాను.

అప్పుడు నా ఎడమకాలిని ఎవరో గట్టిగా తొక్కారు.

నేను లేచాను. మాట అక్కడే ఆగిపోయింది. తలుపు తీసుకుని బయటికి నడిచాను. కారిడారులో లిఫ్టు దాకా వెళ్ళాక గానీ, నేను నా సొంత ఇంట్లోంచి బేరం వదిలేసి బయటికి వచ్చానని తెలియలేదు. వెనక్కి తిరగలేదు. అలవాటు ప్రకారం నడక నెమ్మది చేసి చెవులు రిక్కించాను, చెప్పుల చప్పుడు కోసం.

లిఫ్టు గొలుసుల మూలుగు తప్ప ఏమీ లేదు.

బ్రోకరు ఒక్క పరుగున వచ్చాడు. "ఏటండీ బాబూ ఇది! బేరం కుదిరిపోయే టైముకి లెగిసెల్పోతారేటి? ఆవిడ పాపం సిగ్గుతో సచ్చిపోతన్నాది. ఆయన కాలనుకుని మీ కాలు తొక్కేసిందట!"

నేను గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాను. నవ్వొచ్చింది. నవ్వు తర్వాత వచ్చినదాన్ని బ్రోకరు చూడకుండా లిఫ్టు కేసి తిరిగాను. ఆ కాలు ఎవరిదో తెలిశాక కూడా నా ఎడమకాలు నమ్మలేదు. ఇంకా వెచ్చగానే ఉంది.

"తొక్కింది ఎందుకట?" అన్నాను.

"ఏటో. ఇంక కొయ్యకు, ఒప్పేసుకో అనంటండి."

మా ఇంట్లో తొక్కితే లేవమని, వాళ్ళింట్లో తొక్కితే ఒప్పుకోమని. అదే బల్ల. ఇన్నాళ్ళూ దాని కింద ఖాళీగా ఉన్న చోటులో ఇప్పుడు ఇంకొకరి కాళ్ళున్నాయి. నా ఇంటి తలుపు తెరిచే ఉంది. ఎవరో వంటింటి కిటికీ తీసినట్టున్నారు, ఇన్నాళ్ళూ మూసి ఉన్న గాలి కారిడారులోకి వచ్చి నా మొహానికి తగిలింది. అందులో తడి ఉప్పు వాసనే ఉంది, మరే వాసనా లేదు. మళ్ళీ ఒకసారి వెతికాను, లేదు.

లోపల్నుంచి ఆ ఇల్లాలి గొంతు, ఇంకా సిగ్గుతోనే, కానీ గట్టిగా వచ్చింది: "భయ్యా, కోపం తెచ్చుకోకండి! లోపలికి రండి, కూసోండి!"

బ్రోకరు నా మొహంలోకి చూశాడు. "పిలుత్తన్నారు కదండీ. ఎల్దారేటి?"

అంత చక్కటి పిలుపు కోసం నేను ఎన్ని కొట్ల మెట్లు దిగానో. ఇంకొక్క క్షణం ఆగి విన్నాను, ఎవరైనా నా వెనకాల వస్తారేమోనని. తర్వాత వెనక్కి నడిచి, చెప్పులు గుమ్మం బయటే విడిచి, కొనేవాడిలాగా లోపలికి వెళ్ళాను.