ఎన్ని రోజులు పని మానారు?

అరచేతులు పగిలే ఎగ్జిమాకు చూపించుకోవడానికి ఈ రోజు మదనపల్లె ఆసుపత్రికి వెళ్లాను. అక్కడి డాక్టర్లు చర్మవ్యాధుల పరిశోధనలన్నింటిలో రోగుల్ని ఒకేలా అడగడానికి ప్రశ్నలు తయారుచేస్తున్నారట. అవి సరిగ్గా ఉన్నాయో లేదో మమ్మల్నే చెప్పమన్నారు. నా పక్కన పుంగనూరు నుంచి వచ్చిన పాలావిడ కూర్చుంది. ఆమెవీ నాలాంటి చేతులే.

"ఈ వారం ఎన్ని రోజులు పని మానారు?" అని అడిగింది డాక్టరమ్మ.

"యాడ మానేదమ్మా? పాలు ఆపుకోమని ఆవులకు నువ్వొచ్చి సెప్తావా?"

డాక్టరమ్మ నవ్వి సున్నా వేసింది. సున్నా అంటే జబ్బు తక్కువని లెక్కట. నాకూ సున్నానే. పొద్దున రక్తం వస్తున్నా దేవుడి సామాను తోమే వచ్చాను.

"మానినామా అని కాదమ్మా, సేసేటప్పుడు ఎంత మండతాదో అడుగు" అన్నాను మెల్లగా. రాసుకుంది. స్వామి దయవల్ల ఆ ప్రశ్న చేరితే చాలు.

ఇంటికొచ్చేసరికి సింకు నిండా గిన్నెలు. ఒంట్లో బాగాలేదని మీ ఇంట్లో ఆడవాళ్లు పని మానిన రోజు గుర్తుంటే చెప్పండి, విని సంతోషిస్తాను.