అన్నయ్య కోసం వదిలిన చోటు

మా బాబాయి పోయాడని జగ్గయ్యపేట నుంచి ఫోన్ వచ్చినప్పుడు మా నాన్న నందిగామలో ఒక పెళ్లిలో డోలు వాయిస్తున్నాడు. ఆయన ఫోన్ నా చేతిలో ఉంది. తాళి కట్టే వేళ. గట్టిమేళం అయ్యేదాకా ఆగాను. చెప్పాక నాన్న ఒడిలోంచి డోలు దించడం కూడా మర్చిపోయాడు.

మాది సన్నాయి, డోలు వాయించే ఇల్లు. తాత సన్నాయి ఊదితే కొడుకులిద్దరూ చెరో డోలు పట్టేవారు. బాబాయి కుర్రతనంలో హైదరాబాదు వెళ్లి, ఒక హోటల్ బ్యాండులో గిటారు నేర్చుకుని, జమైకా దీవి వాళ్ల రెగే సంగీతంలో పడిపోయాడు. నాలుగు దెబ్బల్లో మొదటిదాన్ని వాయించకుండా వదిలేయడం అందులో ఒక పద్ధతి. "ఖాళీని కూడా వాయించాలమ్మా. అది చేతకాకపోతే ఎంత బాదినా మోతే," అనేవాడు. నాకు లయంటే ఏంటో తెలిసింది ఆ మాటతోనే.

ఆ అలవాటే కొంప ముంచింది. ఒకసారి ఇంటికొచ్చి పెళ్లి మేళంలో కూర్చున్నాడు. పురోహితుడు గట్టిమేళం అని చెయ్యి ఊపాడు. ఆ రోజు మొదటి దెబ్బ బాబాయిది. పడలేదు. పెళ్లికొడుకు తాళి పట్టుకుని మేళం వైపు చూస్తూ ఉండిపోయాడు. "శుభమా అని మొదలుపెడుతుంటే ఖాళీ ఏంట్రా? ఇంక నా పక్కన కూర్చోవద్దు," అన్నాడు నాన్న. అన్నంత పనీ చేశాడు.

బాబాయి గోవాలో, చెన్నైలో వాయించాడు. సొంత బ్యాండు పెట్టి తెలుగులోనే రెగే పాటలు కట్టాడు. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయిన లారీల మీద కట్టిన పాటని అక్కడి ధాబాల్లో డ్రైవర్లు అడిగి మరీ పెట్టించుకునేవారు. మా పేటలో మాత్రం, "ఈ నిద్రమత్తు పాటలేంటండీ," అని మొహాన్నే అనేవారు. "నిద్ర పట్టిందంటే లయ కుదిరినట్టేనండీ," అని నవ్వేసేవాడు.

ఈమధ్యే ఊరికి తిరిగొచ్చి ఇంకో పాట కట్టి రికార్డు చేశాడు. అందులో ఒకచోట గొంతూ గిటారూ ఆగిపోతాయి. తాళం ఒక్కటే సన్నగా నడుస్తుంది. "అక్కడ అన్నయ్య డోలు పడాలి. ఇంకెవరిదీ వద్దు," అన్నాడు. నాన్నని అడగడానికి తనే మా ఇంటికొచ్చాడు. నాన్న డోలు తాళ్లు బిగిస్తూనే, "మూఢం రానీరా. ముహూర్తాలుండవు, తీరిగ్గా వాయిద్దాం," అన్నాడు.

ఆ సాయంత్రం బాబాయి నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "మూఢం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణేనే!"

మూఢం రాకముందే పోయాడు. ఇంకొన్నాళ్లు ఆగితే ఏం పోయేది బాబాయ్?

పెద్దకర్మ అయింది. మూఢం వచ్చింది. నాన్న డోలు తీసి తుడిచి, చాప మీద ఒక పక్కకి జరిగి కూర్చున్నాడు. "వాడి పాట పెట్టమ్మా," అన్నాడు.

ఆ చోటు వచ్చింది. నాన్న చెయ్యి లేచింది గానీ మొదటి దెబ్బ వేయలేదు. రెండోదాని మీద అందుకున్నాడు. చుట్టు తిరిగి మొదటి దెబ్బ వచ్చినప్పుడల్లా చెయ్యి గాలిలో ఆపి, చాప మీద ఖాళీగా ఉన్న వైపు చూశాడు.