నవ్వులు వాయించినవాడు

హాస్య ప్రదర్శనలిచ్చే అతని బావమరిది వేదిక మీద వెలుతురులో నిలబడేవాడు. అతను మాత్రం పక్కనే నల్ల తెర వెనక స్టూలేసుకుని, ఒళ్లో డ్రమ్ ప్యాడ్ పెట్టుకుని నవ్వులు వాయించేవాడు.

పద్దెనిమిదేళ్లు అదే పని. పలకంత పెట్టె మీద ఎనిమిది రబ్బరు గడులు, ఏడింట్లో ఏడు రకాల నవ్వులు, ఎనిమిదోది నవ్వును ఆపేది. బస్సుల్లో, మంగలి షాపులో, ఆసుపత్రి క్యాంటీన్లో జనం నవ్వుతుంటే రికార్డరులో పట్టుకొచ్చి, కత్తిరించి అందులోకి ఎక్కించాడు. పగలు మిక్సీలు బాగుచేసే కొట్లో ఏ కాస్త తీరిక దొరికినా బల్ల మీద వేళ్లతో సాధన చేసేవాడు.

‘మీటలు నొక్కడం కూడా ఒక పనేనా’ అనేవారు చుట్టాలు. పుల్లలతో కొడితే ఆ టకటక ముందు వరుస దాకా వినిపిస్తుంది, కాబట్టి వేళ్లతోనే వాయించాలి. మెల్లగా తాకితే కిసుక్కుమంటుంది, గట్టిగా కొడితే ఘొల్లుమంటుంది. ఒకే గడిని వెంటవెంటనే రెండుసార్లు కొడితే అదే గొంతు మళ్లీ పలికి గుట్టు బయటపడుతుంది. అసలు కష్టమంతా అదను పట్టుకోవడంలో ఉంది. జనం నవ్వడానికి రెప్పపాటు ముందు దెబ్బ పడాలి. అందుకే అతను బావమరిది మాటలు వినేవాడు కాదు, కుడి భుజం చూసేవాడు. నవ్వించే మాటకు ముందు అది కాస్త లేచేది. ఆ సంగతి బావమరిదికే తెలియదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆటలో బావమరిది పోయిన తల్లి గురించి చెబుతున్నాడు. నవ్వించి నవ్వించి చివర్లో కంటతడి పెట్టించడం అతనికి అలవాటే. మెడ పట్టేసి ఉందేమో, భుజం ఎగరేశాడు. ఇతని వేళ్లు పడ్డాయి. “మా అమ్మ ఇంక కళ్లు తెరవలేదు” అన్న మాట మీద పెట్టె ఘొల్లుమంది. చటుక్కున ఆపాడు గానీ జరగాల్సింది జరిగిపోయింది.

“చచ్చిపోయింది మా అమ్మ, బావా! నీకు అత్త కాదూ?” తెర వెనక్కి వచ్చి అరిచాడు బావమరిది.

“నువ్వు భుజం లేపావురా...”

“భుజమేంటి? ఇన్నేళ్లూ నేను చెప్పేది వినకుండా భుజం చూస్తూ కూర్చున్నావా?”

పోయింది తన తల్లి కూడా కాబట్టి, భార్య రెండు రోజులు అతనితో మాట్లాడలేదు.

పదిహేను రోజులకు బావమరిది కాలితో తొక్కే పెడల్ ఒకటి తెచ్చి చూపించాడు. “నీ నవ్వులన్నీ ఇందులోకి ఎక్కించేశా. ఇంక నేనే తొక్కుకుంటాను. నువ్వు హాయిగా ఇంటిపట్టున ఉండు.”

“నన్ను అడగాలనిపించలేదా? అవి నావి కదరా.”

“నీవేంటి బావా? ఎవరో నవ్వారు, నువ్వు పట్టుకొచ్చావు.”

తర్వాతి ఆటకు అతను భార్యతో వెళ్లి చివరి వరుసలో కూర్చున్నాడు. మొదటి నవ్వు ఆలస్యంగా పడింది. రెండోదీ అంతే. మూడోసారి అదే గొంతు రెండుసార్లు పలికింది. ‘ఇప్పుడు తెలిసొస్తుంది’ అనుకుని జనం వంక చూశాడు. జనం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. భార్య కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది.

“వినిపించలేదా నీకు? ప్రతిదీ వెనకబడుతోంది,” అన్నాడు బయటికొచ్చాక.

“ఏం వెనకబడింది?”

“మరి ఎందుకు నవ్వావు?”

“నవ్వొచ్చింది, నవ్వాను. దానికి కూడా మీ అనుమతి కావాలా?”

మర్నాడు అతను ప్యాడ్‌ను పాత దుప్పటిలో చుట్టి అటక మీద పడేశాడు. ఇప్పటికీ బావమరిది భోజనానికి వస్తుంటాడు, కబుర్లు చెబుతుంటాడు. ఇంటిల్లిపాదీ నవ్వుతారు. అతను కంచంలోంచి తలెత్తడు.