కొసరుగా వచ్చిన తొమ్మిదో ప్యానెల్

వ్యాను మా వీధి మలుపు తిరుగుతుండగానే మావయ్యగారు డ్రైవరు పక్కనుంచి తల బయటపెట్టి, "అమ్మాయ్! ఎనిమిదికి బేరమాడితే తొమ్మిది ఇచ్చాడు. ఒకటి కొసరు!" అని కేకేశారు చూడండి, సరిగ్గా అప్పుడే నా గుండెల్లో రాయి పడింది. ఆ రోజుల్లో నా గుండెల్లో రాయి పడటం మా ఇంట్లో పెద్ద వార్తేం కాదు. గ్యాస్ కట్టేశానో లేదోనని పక్కమీంచి లేచి వెళ్లి చూసేదాన్ని. పిల్లలు దగ్గితే భయం, దగ్గకుండా పడుకుంటే ఇంకా భయం. "మా కోడలి భయాలు మన కొట్లో కందిపప్పు లాంటివండీ, ఎప్పుడడిగినా ఉంటాయి" అని అత్తగారు ఇంటికొచ్చినవాళ్లకి కాఫీతోపాటు అందించేవారు. అందుకే ఆ సాయంత్రం నేను నోరు తెరవకముందే అందరూ నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు.

మాది నిడదవోలులో కిరాణా కొట్టు. తూకం అయ్యాక పైన ఇంకో గుప్పెడు వెయ్యకపోతే అమ్మినట్టూ కాదు, అది పుచ్చుకోకపోతే కొన్నట్టూ కాదని మావయ్యగారి సిద్ధాంతం. చెప్పులు కొన్నా కొసరు అడిగే మనిషి. (ఏమిచ్చారో మా ఆయన ఇప్పటికీ చెప్పరు.) రాజమండ్రి డీలరు దగ్గర పట్టుపట్టి, ఫ్రేము మీద గీత పడ్డ సోలార్ ప్యానెల్ ఒకటి కొసరుగా సాధించి, పెళ్లికూతుర్ని తెచ్చినట్టు తెచ్చారు.

సోలార్ పెట్టించమని పోరినదాన్ని నేనే. చిన్నదానికి చలికాలంలో ఆయాసం. మందు పీల్చే మిషను పెట్టిన వేళ చూసి కరెంటు పోయేది. అందుకని ఇన్వర్టరు పుస్తకం దాదాపు బట్టీ పట్టాను. (కాలేజీలో ఫిజిక్సు చదివాను, మార్కులు మాత్రం అడక్కండి.) అందులో నాకు అర్థమైందేమిటంటే, ప్యానెళ్ల వాట్లు కాస్త ఎక్కువైనా ఫరవాలేదు, ఇన్వర్టరు తనకు కావలసినంత తాగి మిగతాది వదిలేస్తుంది. వోల్టులు హద్దు దాటితే మాత్రం లోపల మాడిపోతుంది, వారంటీ కూడా ఉండదు. మా ఇన్వర్టరు హద్దు నాలుగు వందల యాభై. ఒక్కో ప్యానెల్ యాభై. ఒకే వరసలో గొలుసులా కలిపితే ఆ యాభైలన్నీ కూడుకుంటాయి.

"ఎనిమిదైతే నాలుగొందలు. తొమ్మిది వద్దండీ" అన్నాను, ప్యానెళ్లు డాబా ఎక్కించగానే.

"తొమ్మిది యాభైలు నాలుగొందల యాభై. హద్దూ అంతే. తూచినట్టు సరిపోయింది కదమ్మా!" అన్నారు మావయ్యగారు మురిసిపోతూ.

"అది మామూలు లెక్కండీ. పొద్దున్నే చలిలో ప్యానెల్ వోల్టులు పెరుగుతాయి."

అంతే, నవ్వులతో డాబా దద్దరిల్లింది.

"చలికి పెరుగుద్దంటమ్మా! సోలారంటే ఎండ కదా? రేపు వానొస్తే డబులవుద్దేమో!" అన్నారు అత్తగారు కళ్లు తుడుచుకుంటూ. డీలరు పంపిన ఎలక్ట్రీషియన్ కూడా, "ఏం కాదు మేడం, ఒకటేగా ఎక్కువ" అన్నాడు. మా ఆయన వైపు చూశాను. ఆయన ఆకాశం వైపు చూశారు.

"ఇచ్చిన కొసరు వాడకపోతే లక్ష్మి అలుగుద్దమ్మా" అని మావయ్యగారు తేల్చేశారు. తొమ్మిదీ బిగించారు. ఇక ఇన్వర్టరుకి కలపబోతుండగా నేను వైరు రెండు కొసలూ చేత్తో పట్టుకోబోయి, అదీ ప్రమాదమేనని గుర్తొచ్చి, ఇన్వర్టరుకి అడ్డంగా నిలబడ్డాను. "ఇది మాడిపోతే రేపు చిన్నదానికి ఆయాసం వచ్చినప్పుడు మీ కొసరుని మూతికి పెట్టమంటారా? పొద్దున్నే మీటరు పెట్టి చూద్దాం. హద్దు దాటకపోతే జన్మలో ఇంక భయమని అనను."

ఈ చివరి మాట అందరికీ బాగా నచ్చింది. వెంటనే ఒప్పేసుకున్నారు.

మర్నాడు డాబా మీద మంచు. మావయ్యగారు మంకీ క్యాప్, శాలువా. వణుకుతూ ఎలక్ట్రీషియన్ ప్యానెళ్ల నుంచి వచ్చే వైర్లకి మీటరు పెట్టాడు. నాలుగొందల పాతిక. "చూశావా?" అన్నారు మావయ్యగారు. నా ధైర్యం మాత్రం చెక్కుచెదరలేదు. (పుస్తకంలో ఆ పేజీ మాత్రం మళ్లీ తీసి చూసుకున్నాను.) మంచు విడిపోయి ఎండ ప్యానెళ్ల మీద పడింది, చలి మాత్రం ఇంకా తగ్గలేదు. నాలుగొందల నలభై. నలభై ఎనిమిది. మావయ్యగారు నవ్వు ఆపి, కాటా ముల్లు చూసే కళ్లతో మీటరు మీదికి వంగారు. యాభై ఒకటి. యాభై ఆరు.

ఎలక్ట్రీషియన్ తల గోక్కున్నాడు. మావయ్యగారు మంకీ క్యాప్ తీసి మళ్లీ పెట్టుకుని, "కొసరు మనకిచ్చాడు గానీ ఇన్వర్టరుకి ఇవ్వలేదు కదయ్యా. తియ్యి తొమ్మిదోది" అన్నారు. అత్తగారు దాని మీద ఆ వారమే వడియాలు పెట్టారు.

నా గెలుపు అక్కడితో ఆగితే బాగుండేది. కిందికి వచ్చేసరికి పిల్లలిద్దరూ పక్కింటివాళ్ల బాతుల వెనక పరిగెడుతున్నారు. అలవాటు కొద్దీ, "వాటి జోలికెళ్లకండి, పొడుస్తాయి!" అని అరిచాను. మామూలుగా అయితే అత్తగారు నవ్వేవారు, వాళ్లూ నవ్వి ఇంకా గట్టిగా పరిగెత్తేవాళ్లు. ఆ పొద్దున అత్తగారు గంభీరంగా, "వచ్చెయ్యండర్రా, మీ అమ్మ చెప్తే నిజమే" అన్నారు. ఇద్దరూ ఠక్కున ఆగి, వచ్చి అరుగు మీద చేతులు కట్టుకు కూర్చున్నారు. చిన్నదైతే బాతుల్ని పులుల్ని చూసినట్టు చూస్తోంది.

నా మాట నమ్మాలని ఎన్నేళ్లు తపించానో! తీరా నమ్మితే ఇల్లంతా ఇంత నిశ్శబ్దమైపోతుందని అప్పటి ఈ వెర్రితల్లికి ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది. వాళ్ల ముందు గొంతుక్కూర్చుని, ఇద్దరి చేతులూ విడదీసి చెప్పాను.

"ఊరికే అన్నానర్రా. ఆ బాతులు ఏం చెయ్యవు. వెళ్లండి, పరిగెత్తండి."